పవిత్ర నాటకం, కొత్త మతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త మతం పేరెత్తగానే అందరూ అడిగేది ఒకటే: వాళ్లు ఏం నమ్ముతారు? నన్నడిగితే ముందు అడగాల్సింది వాళ్లు ఏం ఆడతారని. గత రెండు వందల ఏళ్లలో పుట్టిన మతోద్యమాలు చాలావాటిలో వేషం, చీకటి గది, కంఠస్థం చేసిన మాటలు, నడక, నాట్యం ఉన్నాయి. వీటి గురించి వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ ఉన్నాయి. కొన్ని పెద్దవి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయేవి.

పవిత్ర నాటకం అంటే భక్తి నాటకమేనా?

కాదు. భక్తి నాటకంలో దేవుడి కథ ఆడతారు, మనం చూసి ఇంటికెళ్తాం. పవిత్ర నాటకం ఆడేవాళ్ల లెక్క వేరు. అది ఆడితే ఏదో ఒకటి నిజంగా జరగాలి. దీక్ష పూర్తి కావాలి, పాత కర్మ తీరాలి, రోగం తగ్గాలి, లోకం పుట్టిన క్షణం మళ్లీ రావాలి. కథ, పాత్రలు, దుస్తులు, దీపాల ఏర్పాటు అన్నీ నాటకంలోవే. చప్పట్లు మాత్రం చాలాచోట్ల వినపడవు.

అమెరికన్ రంగస్థల పండితుడు రిచర్డ్ షెక్నర్ ఈ రెంటినీ విడదీసి గోడ కట్టలేదు. ఫలం కోసం ఆడేది ఒక కొస, వినోదం కోసం ఆడేది ఇంకో కొస, ప్రతి ప్రదర్శనా ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుందన్నాడు. ఈ కొలబద్ద నాకు బాగా పనికొచ్చింది. ఒక గ్రూప్ ఆడేది చూసినప్పుడు ఇది మతమా, కళా అని తల పట్టుకోకుండా, ఏ కొసకి దగ్గరగా ఉందో చూస్తే చాలు.

కొత్త మతోద్యమాలు అంటే ఏవి?

సుమారుగా 19వ శతాబ్దం నుంచి ఇప్పటిదాకా పుట్టినవి. కొందరు పండితులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతవే లెక్కేస్తారు. నేను ఇక్కడ కాస్త వెడల్పుగానే తీసుకున్నాను. ‘కల్ట్’ అన్న మాట వాడలేదు. అది తిట్టుగా మారి చాలాకాలమైంది, తిట్టుతో పని మొదలుపెడితే కళ్లముందు ఉన్నది కూడా కనపడదు.

ఈ ఆలోచన వాళ్లకు ఎక్కడిది?

రెండు పాత ఊటలు ఉన్నాయి. మొదటిది ప్రాచీన గ్రీసులో ఏథెన్స్ దగ్గరి ఎలూసిస్. అక్కడ డెమెటర్ దేవత పేర, పాతాళానికి ఎత్తుకుపోబడిన ఆమె కూతురు పెర్సెఫొనీ పేర రహస్య దీక్షలు జరిగేవి. వాటిలో మూడు భాగాలని చెప్తారు: చెప్పినవి, చేసినవి, చూపించినవి. చూపించినది ఏమిటో ఇవ్వాళ్టికీ ఎవరికీ తెలీదు. దీక్ష తీసుకున్నవాళ్లు నోరు విప్పలేదు, వెయ్యేళ్లకు పైగా. క్రీ.శ. 4వ శతాబ్దం చివర్లో ఆ దీక్షలు ఆగిపోయాయి. తెలియని నాటకం కాబట్టి తర్వాత వచ్చిన ప్రతివాడూ తన ఊహతో ఆ ఖాళీ నింపుకున్నాడు. ఈ కథంతా నడిచింది ఆ ఖాళీ మీదే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

రెండోది ఫ్రీమేసన్ల లాడ్జి, అంటే దీక్షలూ రహస్యాలూ ఉన్న ఆ సోదర సంఘం సమావేశ మందిరం. మూడో డిగ్రీ దీక్షలో కొత్త సభ్యుడు సొలొమోను ఆలయ శిల్పి హిరామ్ అబిఫ్ పాత్రలో నిలబడాలి. ముగ్గురు దుండగులు రహస్యం చెప్పమని అడుగుతారు, అతను చెప్పడు, చంపుతారు, తర్వాత లేపుతారు. 18వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి ఇది. దీక్ష తీసుకునేవాడే కథానాయకుడు. స్క్రిప్ట్ తెలియనిదీ అతనొక్కడికే. ఈ రెండు సూత్రాలూ తర్వాతి ఉద్యమాల్లో పదేపదే కనిపిస్తాయి.

దీన్ని టికెట్ పెట్టి ఆడినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే మంత్రవిద్యా సంఘం తన దీక్షల్లో ఈజిప్టు దేవతల వేషాలు వాడేది. కవి యేట్స్, నటి ఫ్లోరెన్స్ ఫార్ అందులో సభ్యులు. దాని నాయకుడు మాథర్స్, భార్య మోయినా కలిసి 1899లో పారిస్‌లో ఐసిస్ దేవత ఆరాధనను ఏకంగా థియేటర్ స్టేజీ మీదికే ఎక్కించారు.

అసలు గొడవ 1910లో వచ్చింది. మంత్రవిద్యల రచయిత అలీస్టర్ క్రౌలీ లండన్‌లోని కాక్స్టన్ హాల్ అద్దెకు తీసుకుని ‘ఎలూసిస్ క్రతువులు’ అన్న పేరుతో ఏడు ప్రదర్శనలు ఇచ్చాడు. శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, ఒక్కొక్కరికి ఒక్కో సాయంత్రం. ఏడింటికీ కలిపి టికెట్ ఐదు గిన్నీలు, అప్పట్లో చిన్న మొత్తం కాదు. హాల్లో వెలుతురు తగ్గించేశారు. లీలా వాడెల్ వయొలిన్ వాయించింది, విక్టర్ న్యూబర్గ్ నాట్యం చేశాడు. అంతకు కొన్ని వారాల ముందు క్రౌలీ ఇంట్లో జరిగిన తొలి ప్రయత్నంలో ఇదే న్యూబర్గ్ సొమ్మసిల్లి పడిపోయేదాకా ఆడాడట. అది వచ్చినవాళ్లను కదిలించింది. ఇల్లు చిన్నది, వచ్చినవాళ్లు కొద్దిమంది, పైగా తాగడానికి ఏదో ఇచ్చారు. అదే పని పెద్ద హాల్లో, టికెట్ కొన్న జనం ముందు చేసేసరికి తేలిపోయింది. ‘లుకింగ్ గ్లాస్’ అనే పత్రిక తూర్పారబట్టింది. ఆ రాతల్లో తన పేరు లాగారని క్రౌలీ మిత్రుడొకడు 1911లో పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు.

క్రౌలీ పాఠం నేర్చుకున్నట్టే ఉంది. 1913లో మాస్కోలో రాసిన ‘నాస్టిక్ మాస్’ ప్రేక్షకులకు చోటివ్వదు. పూజారి, పూజారిణి, డీకన్ (సహాయకుడు), ఇద్దరు పిల్లలు పాత్రధారులు. వచ్చిన ప్రతివాళ్లూ చివర్లో రొట్టె తిని ద్రాక్షసారా తాగాలన్నది రివాజు. ఊరికే చూసి పోదామంటే కుదరదు. ఆ క్రతువు ఇప్పటికీ చాలా దేశాల్లో జరుగుతోంది. కాక్స్టన్ హాల్ ప్రదర్శన చరిత్ర పుస్తకాల్లో మిగిలింది.

ఒక మతం నాటకం కోసం గుడి కట్టిందంటారు, నిజమా?

నిజమే. ఆంత్రొపొసొఫీ అనే ఆధ్యాత్మిక ఉద్యమం పెట్టిన రుడాల్ఫ్ స్టైనర్ సంగతి అది. దివ్యజ్ఞాన సమాజంలో ఉండగా 1907 మ్యూనిక్ మహాసభలో ఎలూసిస్ మీద ఎడ్వార్ షూరే రాసిన నాటకం వేయించాడు. తర్వాత 1910 నుంచి 1913 దాకా ఏటా ఒకటి చొప్పున నాలుగు ‘మిస్టరీ డ్రామా’లు తనే రాశాడు. రిహార్సల్స్ ఓ పక్క జరుగుతుంటే ఇంకో పక్క రాత్రిపూట కూర్చుని తర్వాతి రంగాలు రాసేవాడు. పొద్దున్నే చేతికొచ్చిన కాగితాలు పట్టుకుని బట్టీపట్టాల్సిన నటుల టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోండి. వాళ్లలో చాలామంది నటులే కారు, సభ్యులు.

ఒక్కో నాటకం గంటల తరబడి సాగుతుంది. కథ అంటే కొందరు స్నేహితుల ఆత్మలు జన్మజన్మలుగా ఒకరినొకరు ఎలా తగులుకుంటున్నాయన్నదే. సంఘటనలు తక్కువ, లోపలి ప్రయాణం ఎక్కువ. నిజం చెప్పాలంటే చదవడానికి బరువే. కానీ అవి చదవడానికి రాసినవి కావు. ఆడుతూ ఆడుతూ ఆడేవాడిలో కొత్త ఇంద్రియాలు మేల్కొంటాయని స్టైనర్ నమ్మకం.

అద్దె థియేటర్లలో ఇది సరిగ్గా కుదరడం లేదనిపించి సొంత భవనం తలపెట్టారు. మ్యూనిక్‌లో అనుమతి రాక స్విట్జర్లాండ్‌లోని డోర్నాక్‌కు వెళ్లారు. 1913లో శంకుస్థాపన జరిగింది. రెండు గుమ్మటాలున్న ఆ చెక్క భవనం, గోథేనుమ్, 1922 డిసెంబర్ 31 రాత్రి కాలి బూడిదైంది. స్టైనర్ 1925లో పోయాడు. కాంక్రీటుతో కట్టిన రెండో గోథేనుమ్ 1928లో తెరిచారు. ఆ నాటకాలు ఇప్పటికీ అక్కడ ఆడుతున్నారు.

ఇలాంటిదే ఇంకొకటి: దివ్యజ్ఞాన సమాజంలో మరో శాఖకు నాయకురాలైన కేథరిన్ టింగ్లీ 1901లో కాలిఫోర్నియాలోని పాయింట్ లోమాలో సముద్రం కనపడేలా ఆరుబయట గ్రీకు థియేటర్ కట్టించింది. అక్కడి ‘రాజయోగ’ బడి పిల్లలకు నాటకం పాఠాల్లో భాగం. ఆ సమాజం 1942లో అక్కణ్ణుంచి వెళ్లిపోయింది. థియేటర్ మాత్రం ఇప్పటికీ ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది.

ఇదంతా పాశ్చాత్యుల సరదాయేనా? ఆసియాలో లేదా?

ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే పకడ్బందీగా ఉన్నది జపాన్‌లోనిదే.

టెన్రిక్యో అనే మతం 1838లో నకయామా మికి అనే రైతు ఇంటి ఇల్లాలితో మొదలైంది. నారా ప్రాంతంలోని టెన్రి నగరంలో ప్రధాన మందిరం ఉంది. మనిషిని దేవుడు మొదట సృష్టించిన చోటు అదేనని వాళ్ల నమ్మకం. ఆ చోట కన్రోదాయ్ అనే స్తంభం నిలబెట్టారు. దాని చుట్టూ పదిమంది, దేవుడి పది శక్తులకు గుర్తుగా ముసుగులు కట్టుకుని, సృష్టి జరిగిన తీరును చేతుల కదలికలతో మళ్లీ చేస్తారు. దీన్ని కగూరా సేవ అంటారు. ముసుగులతో చేసేది ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క చోటే. మిగతా శాఖల్లో పాటలు, చేతి ముద్రల నాట్యం మాత్రమే ఉంటాయి, ముసుగులుండవు. కథ జరిగిన చోటే కథ ఆడాలన్న నియమం ఇంత గట్టిగా ఇంకెక్కడా నాకు కనపడలేదు.

ప్రభుత్వానికి ఈ సేవ నచ్చలేదు. మికిని చాలాసార్లు అరెస్టు చేశారు. 1886 చలికాలంలో, అప్పటికే ఎనభై దాటిన మనిషిని, పన్నెండు రోజులు నిర్బంధించారు. మరుసటి ఏడు జనవరికి ఆమె మంచం పట్టింది. సేవ చేయండి అని ఆమె పట్టు. చేస్తే పోలీసులు ఆమెనే పట్టుకుపోతారని శిష్యుల భయం. రోజుల తరబడి తర్జనభర్జన పడి, చివరికి తెగించి మధ్యాహ్నం సేవ మొదలుపెట్టారు. వాయిద్యాలు వినిపిస్తుంటే ఆమె పడుకుని విన్నది. పాటలు పూర్తయ్యే సమయానికి ప్రాణం పోయిందని టెన్రిక్యో చరిత్ర చెబుతుంది. ఆ రోజు పోలీసులు రాలేదు. ఇప్పుడు ప్రతి నెలా 26న అక్కడ జరిగే పెద్ద సేవకు తేదీ ఆ రోజుదే.

మన దేశంలో పుట్టిన ఉద్యమాల్లో?

బ్రహ్మకుమారీల దగ్గర ‘డ్రామా’ అన్నది సిద్ధాంతంలోనే ఉంది. లోకమంతా 5,000 ఏళ్ల నాటకం, ఆత్మలు నటులు, అది పూర్తయ్యాక అక్షరం పొల్లుపోకుండా మళ్లీ మొదలవుతుంది. ఏదైనా కష్టం వస్తే ‘డ్రామా’లో ఉందిలే అనుకోవడం వాళ్ల రోజువారీ మాట. నవరాత్రుల్లో సోదరీమణులు దేవీ వేషాల్లో కదలకుండా కూర్చునే ‘చైతన్య దేవి ఝాంకీ’లు చాలామంది చూసే ఉంటారు. బొమ్మలా కూర్చోవడమే అక్కడ సాధన. ఇస్కాన్ 1966లో న్యూయార్క్‌లో మొదలైన తొలి ఏళ్ల నుంచే కృష్ణలీలలను నాటకాలుగా వేస్తోంది. అది ఎక్కువగా ప్రచారం, కొంత సేవ. షెక్నర్ కొలబద్ద మీద నడిమధ్య ఉంటుంది.

నటించడానికీ పూనకానికీ తేడా ఏమిటి?

పుస్తకాల్లో తేడా స్పష్టంగా ఉంటుంది: నటుడికి తాను నటిస్తున్నానని తెలుసు, పూనినవాడికి తెలీదు. దగ్గరికెళ్లి చూస్తే గీత చెరిగిపోతుంది.

బ్రెజిల్‌లో 20వ శతాబ్దం మొదట్లో రూపు కట్టిన ఉంబాందా మతంలో ఆత్మలు మనుషుల మీదికి వస్తాయి. కానీ ఎవరో ఒకరు ఎలాగో ఒకలా రారు. ‘ముసలి నల్లజాతి బానిస’ వస్తే నడుం వంచి, పొట్టి పీట మీద కూర్చుని, పైపు తాగుతూ నెమ్మదిగా మాట్లాడాలి. ‘అడవి మనిషి’ వస్తే నిటారుగా నిలబడి చుట్ట కాల్చాలి. అంటే పూనకానికి కూడా పాత్ర ఉంది, ఆహార్యం ఉంది. కొత్తవాళ్లు పాతవాళ్లను చూసి నేర్చుకుంటారు. అందుకని అబద్ధమని కొట్టిపారేయలేం. భాష కూడా చూసే నేర్చుకుంటాం, మాట్లాడేది మాత్రం మనమే.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో జపాన్‌లో కితమురా సయో అనే ఆమె పెట్టిన మతంలో ‘నేను లేని నాట్యం’ చేస్తారు. కళ్లు మూసుకుంటారు, ముందే నేర్పిన అడుగులు లేవు, ఎవరి కదలిక వాళ్లది. పత్రికలవాళ్లు దానికి ‘డాన్సు మతం’ అని పేరు పెట్టారు.

ఆధ్యాత్మిక గురువు గుర్జీఫ్ దారి మూడోది. ఆయన నేర్పిన ‘మూవ్‌మెంట్స్’లో తల ఒక లయకు, చేతులు ఇంకో లయకు, కాళ్లు మరో లయకు కదలాలి. ఒళ్లు మరిచిపోతే మరుక్షణం తప్పు పడుతుంది. కాబట్టి ఇది పూనకానికి విరుగుడు. 1923 డిసెంబర్‌లో పారిస్‌లోని షాంజెలీజే థియేటర్లో, 1924 మొదట్లో న్యూయార్క్‌లో ఈ ప్రదర్శనలు ఇచ్చాడు. ‘స్టాప్’ అని అరవగానే ఎవరు ఏ భంగిమలో ఉంటే అందులో శిలలా ఆగిపోవాలి. న్యూయార్క్‌లో చూసిన ఒక రచయిత రాసినదాని ప్రకారం, శిష్యులంతా ఒక్కసారిగా స్టేజీ ముందుకు పరుగెత్తుకొచ్చి దీపాల మీదుగా కిందికి దూకారు. గుట్టగా పడ్డారు, పడ్డవాళ్లు పడ్డట్టే కదలకుండా ఉండిపోయారు. ఎవరికీ దెబ్బ తగలలేదట. జనం బెంబేలెత్తిపోయారు.

గత జన్మ పాత్ర వేయడం అనేది విన్నాను. అదెలా?

రెండు ఉదాహరణలు చెప్తాను, రెండూ నాకు చాలా ఇష్టం.

మొదటిది కాలిఫోర్నియాలోని యూనేరియస్. 1954లో ఎర్నెస్ట్, రూత్ నార్మన్ దంపతులు పెట్టారు. గ్రహాంతర గురువులు, పునర్జన్మలు వాళ్ల బోధ. సభ్యులు తమ పూర్వజన్మలని నమ్మిన కథలను తామే స్క్రిప్ట్ రాసుకుని, కాస్ట్యూమ్స్ తామే కుట్టుకుని సినిమాలు తీశారు. రూత్ రాణిలా, దేవకన్యలా మెరిసే గౌన్లలో, కిరీటాలతో కనిపించేది. ఆ సినిమాలు కేబుల్ టీవీలో వచ్చేవి, బయటివాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వులో తప్పు లేదు, ఆ సెట్టింగులు అలాంటివి. కానీ సభ్యులకు సినిమా అసలు పని కాదు. గత జన్మలో తాను హంతకుణ్ణని నమ్మేవాడు ఆ హంతకుడి పాత్రే వేయాలి, వేసినప్పుడు లోపల ఏం కదిలిందో తర్వాత తరగతిలో అందరి ముందూ చెప్పాలి. దీన్ని వాళ్లు సైకోడ్రామా అన్నారు. ఆ మాట 20వ శతాబ్దం మొదటి సగంలో జేకబ్ మొరీనో అనే మనోవైద్యుడి చికిత్సా పద్ధతిది.

రెండోది బ్రెజిల్ రాజధాని దగ్గరున్న ‘వేల్ దు అమన్యేసేర్’, అంటే ఉదయపు లోయ. స్థాపించింది నేవా అత్త. అంతకుముందు లారీ డ్రైవర్‌గా పనిచేసిన మనిషి. అక్కడ మగవాళ్లు పై అంగీలు, ఆడవాళ్లు రంగురంగుల పొడవు గౌన్లు, ముసుగులు వేసుకుని తిరుగుతారు. ఎవరైనా పూర్వజన్మలో తాము చేసిన అన్యాయం తీర్చుకోవాలనుకుంటే ‘ఖైదీ’ అవుతారు. ప్రత్యేకమైన దుస్తులు వేసుకుంటారు. చేతిలో చిన్న నోటుపుస్తకం. ఎదురుపడ్డ వాళ్లనల్లా అందులో సంతకం పెట్టమని అడుగుతారు. ప్రతి సంతకం ఒక ‘బోనస్’. చాలినన్ని పోగయ్యాక విచారణ జరుగుతుంది, విడుదల వస్తుంది. ఎప్పుడో చచ్చిపోయిన శత్రువుకు పడ్డ బాకీని తెలియనివాళ్ల సంతకాలతో తీర్చడం! ఆ నోటుపుస్తకం ముందు ఎంత పెద్ద సిద్ధాంత గ్రంథమైనా వెలవెలబోతుంది.

స్టేజీ బదులు సినిమా తెర పెడితే క్రతువు చెడిపోదా?

ఈ ప్రశ్నకు లేటర్ డే సెయింట్స్ చర్చి, అంటే మార్మన్ల అనుభవం జవాబు. 1842లో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన ‘ఎండోమెంట్’ అనే క్రతువులో సృష్టి, ఏదెను తోట, ఆదాము హవ్వల పతనం, దేవుడి సన్నిధికి తిరిగి రావడం ఉంటాయి. పాల్గొనే ప్రతివాళ్లూ తామే ఆదాము, తామే హవ్వ అనుకుని నడవాలి. వివరాలు వాళ్లు బయట చెప్పరు, నేనూ ఇక్కడ రాయను. వందేళ్లకు పైగా మనుషులే పాత్రలు వేశారు. 1955లో స్విట్జర్లాండ్‌లో కొత్త ఆలయం తెరిచేటప్పుడు చిక్కొచ్చింది. ఒకే ఆలయానికి రకరకాల భాషలవాళ్లు వస్తారు, అన్ని భాషలకూ నటుల బృందాలు ఎక్కణ్ణుంచి తేవాలి? అందుకని సినిమాగా తీసి, పలు భాషల్లో డబ్ చేశారు. ఆ పద్ధతే పాకింది. చివరిదాకా మనుషులతో ఆడుతూ వచ్చిన సాల్ట్ లేక్, మాంటై ఆలయాల్లో కూడా ఇక ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించారు.

చెడిపోయిందా అంటే, నటన తెర మీదికి పోయినా చేయాల్సిన పని కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంది. లేచి నిలబడటం, దుస్తులు మార్చుకోవడం, మాట ఇవ్వడం. అవి సినిమా చేయలేదు. ఇదే చర్చి న్యూయార్క్ రాష్ట్రంలోని కుమోరా కొండ మీద 1937 నుంచి 2019 దాకా వేసిన భారీ ప్రదర్శన మాత్రం బయటి జనం కోసం. అది క్రతువు కాదు.

ఫాలున్ గాంగ్ వాళ్ల షెన్ యున్ కూడా ఇలాంటిదేనా?

కాదనే అంటాను. 2006లో న్యూయార్క్‌లో మొదలైన నృత్య బృందం అది, టికెట్ కొన్న ప్రేక్షకుల కోసం. ఫాలున్ గాంగ్ సాధన అంటే వ్యాయామాలు, ధ్యానం, గ్రంథ పఠనం. షెన్ యున్ ఆ సాధన చేసేవాళ్ల కళ.

పవిత్ర కథను మార్చేయొచ్చా?

మారుస్తారు, అక్కడే అసలు సంగతి బయటపడుతుంది. 1930లలో అమెరికాలో పుట్టిన ‘ఐ యామ్’ ఉద్యమం 1950 నుంచి ఏటా ఆగస్టులో కాలిఫోర్నియాలోని మౌంట్ శాస్తా దగ్గర ఏసు జీవితాన్ని ఆరుబయట ఆడుతోంది. అందులో సిలువ వేయడం ఉండదు. నేరుగా ఆరోహణంతో ముగుస్తుంది. మనిషి చావు దాటి వెలుగులోకి ఎక్కగలడన్నది వాళ్ల బోధ, అందుకని బాధను తీసి పక్కన పెట్టారు. ఒక్క రంగం తీసేస్తే వేరే మతం అయిపోయింది.

విక్కా అనే ఆధునిక మంత్రగత్తెల మతంలో ‘దేవత పాతాళానికి దిగడం’ అనే చిన్న నాటకం ఉంది, ఆ మతాన్ని వెలుగులోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో అచ్చువేశాడు. దేవత నగలూ బట్టలూ గుమ్మం దగ్గర వదిలి మృత్యువు ఎదుట నిలబడుతుంది. పాతాళానికి దిగిన సుమేరియన్ దేవత ఇనన్నా కథ ఛాయ కనిపిస్తుంది, కానీ ముగింపు వేరు: ఇక్కడ దేవత, మృత్యువు ఒకరినొకరు ప్రేమిస్తారు. గమ్మత్తు ఏమిటంటే గార్డ్‌నర్‌ను ఈ దారి పట్టించినదాంట్లో ఒక నాటకశాలకూ వంతు ఉంది. ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో ఒక రోసిక్రూషియన్ (గుప్తవిద్యల) సంఘం 1938లో తెరిచిన థియేటర్ అది. అక్కడి నాటకాలు ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. ఆ గుంపులోనే తనను మంత్రగత్తెల బృందానికి పరిచయం చేసినవాళ్లు దొరికారని ఆయన చెప్పుకున్నాడు.

దేవుడి వేషం వేయకూడదన్న కొత్త మతాలు ఉన్నాయా?

ఉన్నాయి, 19వ శతాబ్దంలో ఇరాన్‌లో పుట్టిన మతం వాళ్లు, బహాయీలు. వాళ్ల ప్రవక్తలనే కాదు, క్రీస్తు, బుద్ధుడు, కృష్ణుడు ఎవరినీ స్టేజీ మీద మనిషి రూపంలో చూపకూడదు. నాటకం మాత్రం వేసుకోవచ్చు. కాబట్టి ప్రవక్తను చూసినవాళ్ల కథ రాస్తారు. గది బయట నిలబడ్డ మనిషి ముఖంలో లోపలున్నది చూపించాలి. నాటక రచయితకు ఇంతకంటే మంచి కట్టుబాటు ఎవరు పెడతారు?

నమ్మకం లేకుండా ఇది చేయొచ్చా?

చేస్తున్నవాళ్లున్నారు. 1966లో చర్చ్ ఆఫ్ సేటన్ పెట్టిన ఆంటన్ లావే తన క్రతువులు సైకోడ్రామా అని దాచకుండా చెప్పాడు. గదిలో ఉన్నంతసేపు తెలివిని పక్కనబెట్టు, బయటికొచ్చాక తీసుకో అన్నట్టు. 1979లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన, దేవతను కొలిచేవాళ్ల ‘స్పైరల్ డాన్స్’ క్రతువుకు వచ్చే వందలమందిలో దేవతను నిజమని నమ్మేవాళ్లు, ప్రతీక అనుకునేవాళ్లు, స్నేహితులతో పాటు వచ్చినవాళ్లు అందరూ ఉంటారు. చేతులు పట్టుకుని సుడిలా లోపలికి తిరిగి మళ్లీ బయటికి మళ్లుతారు. వరుస వెనక్కి మళ్లినప్పుడు ఎదురు వరుసలోని ప్రతి ముఖం ఒక్కొక్కటిగా మీ ముందునుంచి పోతుంది. ఆ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లు అప్పటికే చదివి ఉంటారు. ఆ క్షణంలో ఎవరికి ఎంత నమ్మకం ఉందని ఎవరూ అడగరు.

టన్నా దీవిలో వెదురు తుపాకుల కవాతు కూడా నాటకమేనా?

పసిఫిక్ దీవుల దేశం వనువాటులోని టన్నాలో, జాన్ ఫ్రమ్ అనే రక్షకుడు వస్తాడని నమ్మేవాళ్లు అమెరికా సైనికుల్లా ఏటా ఫిబ్రవరి 15న వెదురు తుపాకులతో, ఒంటి మీద ‘యూఎస్ఏ’ అని రాసుకుని కవాతు చేస్తారు. బయటివాళ్లు దాన్ని ‘తెలియక చేసే అనుకరణ’ అని చాలాకాలం ఎగతాళి చేశారు. తమ పాత ఆచారాలను మిషనరీలు అణిచేస్తుంటే ఎదురు నిలబడ్డ ఉద్యమం అది. వెదురు వెదురని వాళ్లకు తెలియదనుకోవడం మన అమాయకత్వం.

ఇందులో మోసం ఉండదా?

ఉంటుంది. పవిత్ర నాటకాన్ని నేను ఎంత మెచ్చుకున్నా ఈ ప్రశ్న దగ్గర ఆగి చెప్పాలి.

1984లో మొదలైన సోలార్ టెంపుల్ అనే సంఘం స్విట్జర్లాండ్, క్యూబెక్‌లలో పనిచేసింది. దాని క్రతువుల్లో చీకట్లోంచి ‘గురువులు’ ప్రత్యక్షమయ్యేవాళ్లు, పవిత్ర పాత్ర గాల్లో వెలిగేది. అవన్నీ దీపాలతో, ప్రొజెక్షన్లతో చేసినవి. చూసేవాళ్లకు మాత్రం నిజమని చెప్పారు. ఆ ఏర్పాట్లు చేసిన మనిషే కొన్నాళ్లకు విసిగి గుట్టు బయటపెట్టాడు. 1994 శరత్కాలంలో అతన్నీ, భార్యనూ, పసిబిడ్డనూ చంపేశారు. కొద్ది రోజుల్లోనే రెండు దేశాల్లో కలిపి మృతుల సంఖ్య 53కి చేరింది. కొందరిది ఆత్మహత్య, చాలామందిది హత్య.

దక్షిణ అమెరికాలోని గయానాలో తన అనుయాయులతో కట్టిన జోన్స్‌టౌన్‌లో, పీపుల్స్ టెంపుల్ నాయకుడు జిమ్ జోన్స్ ‘వైట్ నైట్స్’ పేరుతో అర్ధరాత్రి జనాన్ని పోగేసి, శత్రువులు చుట్టుముట్టారని చెప్పేవాడు. ఒకసారి అందరికీ ఏదో తాగించి, విషమన్నాడు. తర్వాత, ఉత్తదే, మీ విశ్వాసం చూశాను అన్నాడు. అది రిహార్సల్. 1978 నవంబర్ 18న 900 మందికి పైగా చనిపోయారు.

టెన్రిలో ముసుగు కట్టుకున్న మనిషి ఎవరో పక్కవాడికి తెలుసు. బ్రెజిల్ లోయలో ఖైదీకి తన చేతికి సంకెళ్లు లేవని తెలుసు. నాటకం నాటకమని అందరికీ తెలిసి కూడా పనిచేయడమే ఈ విద్యలోని వింత. కొందరికే తెలిసి, మిగతావాళ్ల దగ్గర దాస్తే అది గారడీ. అక్కడ దాగిన మనిషి చేతికి అధికారం వస్తుంది.

మరి రహస్యం అంతా చెడ్డదేనా?

కాదు. దీక్షలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే దీక్ష సగం చచ్చిపోతుంది. కథ మలుపు దాచడం వేరు, దీపం ఎవరు వెలిగించారో దాచడం వేరు.

నన్ను ఒక గ్రూప్ పాల్గొనమని పిలిచింది. ఏం చూసుకోవాలి?

మధ్యలో లేచి వెళ్లొచ్చా అని ముందే అడగండి. జవాబు కంటే, ఆ ప్రశ్న వినగానే వాళ్ల ముఖం ఎలా మారిందో చూడండి. తాగడానికి, తినడానికి, పీల్చడానికి ఏమైనా ఇస్తారేమో, అందులో ఏముందో తెలుసుకోండి. కళ్లకు గంతలు, కట్టేయడం, బట్టలు మార్చడం లాంటివి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఫీజు ఒక్కసారేనా, మెట్టు మెట్టుకూ పెరుగుతుందా చూసుకోండి. ఫోన్ లోపలికి తేవద్దంటే మర్యాదే, కానీ ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పొద్దంటే మాత్రం వెళ్లకండి. మానసిక ఆరోగ్యానికి మందులు వాడుతుంటే, ఉపవాసం, నిద్ర లేకపోవడం, గంటల తరబడి డప్పులు ఉన్న క్రతువుకు వెళ్లేముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

నేను నటుణ్ణి. మృత్యుదేవత పాత్ర ఇచ్చారు. నాటకం అయిపోయింది, నాలుగు రోజులైనా ఏదో బరువుగా ఉంది. మామూలేనా?

మామూలే. థియేటర్లో చప్పట్లు ఒక పని చేస్తాయి: ఇక నువ్వు నువ్వే అని చెప్తాయి. క్రతువులో చప్పట్లు లేవు కాబట్టి ఆ పనికి వేరే ఏర్పాటు ఉండాలి. సైకోడ్రామా చేయించేవాళ్లు పాత్ర వేసినవాళ్ల చేత, నేను ఫలానా కాదు, నా పేరు ఇది అని పైకి చెప్పిస్తారు. అనుభవం ఉన్న బృందాలు ముసుగు తీయడానికి కూడా కట్టుకున్నంత సమయం ఇస్తాయి. మీ బృందం అదేమీ చేయకుండా సామాన్లు సర్దుకుని వెళ్లిపోయి ఉంటే, మళ్లీ ఒకసారి అందరూ కలవండి. ఆ అంగీ మీ ఇంట్లోనే ఉంటే తీసుకెళ్లి, వాళ్ల ముందే మడతపెట్టి, పెట్టెలో పెట్టించి, మీ పేరు మీరు చెప్పి రండి.